ఫ్రాన్సు పంతులుతో కైంచి సవారి

మా ఈడోళ్ళం నలుగురం ఒక్కచోట కూడితే ముందుగాల వచ్చేది సైకిల్ ముచ్చటే. మా కాలంల సైకిల్ ఉన్నోడు ఊర్లె సగం పటేలు. గంట కొట్టుకుంట బజార్ల పోతుంటే అరుగుల మీద కూసున్నోళ్ళు మాట ఆపి మరీ చూస్తుండిరి. ఇప్పటి పిల్లలకు ఈ సంగతి చెప్తే నవ్వుతరు. నవ్వనీ. కానీ వాళ్ళల్ల ఒక్కడన్నా ఫ్రాన్సు దేశపు మనిషిని పక్కన పెట్టుకొని, కరీంనగర్ నుంచి నిర్మల్ దాంక, దారి పొడుగునా కోటలు చూపించుకుంట, రెండు వందల మైళ్ళు, సీటుకు నడుము ఆనియ్యకుండ సైకిల్ తొక్కిండా? నేను తొక్కిన. (రెండు వందలు కాదు, తొంభై. రాసేటప్పుడు చెయ్యి దానంతట అదే పెంచుకుంట పోతది, ఏం చెయ్యాలె. నడుము ఆనియ్యకుండ అన్న మాట మాత్రం చాలావరకు నిజం. ఎంతవరకో చివరికి మీకే తెలుస్తది.)

హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొత్తలు. మాది మగ్గం ఇల్లు. బాపు పొద్దంత మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకొని చీరలు నేస్తుండె, అవ్వ నూలు కండెలు చుడుతుండె. నేను మెట్రిక్ గట్టెక్కి కరీంనగర్ల ఒక కచ్చేరిల టెంపరరీ క్లర్కునైన. (ఏ కచ్చేరో చెప్ప. అండ్ల పనిచేసినోళ్ళ మనుమలు ఇంక ఉన్నరు.) నా పని చుట్టుపక్కల పాత కోటలు, పాత గుళ్ళు ఎట్లున్నయో తిరిగి చూసి కాయితం మీద పెట్టుడు. ఆ నౌకరి కోసం పోయిన రోజు మా పెద్ద ఆఫీసర్ (అందరం పెద్దసార్ అంటుంటిమి) రెండే ప్రశ్నలు అడిగిండు. సైకిల్ వచ్చునా? చిన్నప్పటి సంది తొక్కుతున్న సార్. మన దిక్కు కోటలు చూసినవా? జగిత్యాల, నిర్మల్, అన్నీ చూసిన, సైకిల్ మీదనే పోయిన సార్. నిజానికి అప్పటిదాంక నేను చూసిన దూరదేశం కొండగట్టు ఒక్కటే, అదీ పుట్టు వెంట్రుకలు తీపియ్యవోయినప్పుడు, బండిల, అవ్వ ఒళ్ళె.

సైకిల్ సంగతి పూర్తిగ అబద్ధం కాదు. నాకు కైంచి తొక్కుడు వచ్చు. తెల్వనోళ్ళ కోసం చెప్త. పెద్దల సైకిల్ పిల్లలకు అందదు కాబట్టి, ఎడమ కాలు ఒక పెడల్ మీద పెట్టి, కుడి కాలును నడిమి డండా కిందికెల్లి అవతలికి దూర్చి, కుడి చెయ్యితోని సీటును చంకల పట్టుకొని, వంకర నిలబడి తొక్కుతరు. కత్తెర తీరుగ కాళ్ళు ఆడుతయి కాబట్టి కైంచి. తొమ్మిదేండ్లకు అందరు కైంచి తొక్కుతరు, పన్నెండేండ్లకు డండా మీదికి, పద్నాలుగుకు సీటు మీదికి ఎక్కుతరు. నేను ఇరువై ఏండ్లకు కూడ కైంచిల్నే ఉన్న. ఎందుకంటే నేను పొట్టి. కచ్చేరి వాళ్ళిచ్చిన సైకిల్ ఏ ఆరడుగుల మనిషి కోసమో చేసినట్టుండె. సీటు మీద కూసుంటే నా కాళ్ళు పెడల్‌కు జానెడు మీద ఊగుతుండె. సీటు రాడ్ తుప్పు వట్టి డండాతోని ఒక్కటైపోయింది. సీటంటే మనిషికి ముక్కు తీరుగ సైకిల్‌కు పుట్టుకతో వచ్చిన ఎత్తనే అనుకున్న, దాన్ని ఎవలన్న మారుస్తరని తెల్వకుండె. అందుకని ఎనిమిది నెలలు పొద్దుగాలనే సైకిల్‌ను మర్యాదగ నడిపించుకుంట ఊరు దాటుడు, దాటినంక కాలు దూర్చుడు. కచ్చేరిల ఎవ్వలకు తెల్వదు.

ఒక రోజు పెద్దసార్ పిలిచిండు. "ఏమయ్యా, నిర్మల్‌కు సైకిల్ మీద పోయిన్నంటివి గద?"

"పోయిన సార్."

"ఎన్ని దినాలు పట్టింది?"

"రెండు సార్." (ఒకటిన్నర అందామనుకున్న. జర అణకువ మంచిదని పెంచిన.)

"అచ్ఛా. ఫ్రాన్సు నుంచి ఒక పంతులు వస్తుండు. చరిత్ర పంతులు. జగిత్యాల ఖిల్లాకు, నిర్మల్ కోటలకు నక్షా గీసింది వాళ్ళ దేశపోళ్ళే అంటరు గద, అది చూడాలెనట. జీపు ఇస్త అంటే వద్దన్నడు. సైకిల్ మీదనే పోతడట, వాళ్ళ దేశంల గట్లనే తిరుగుతరట. నువ్వు పో వెంబడి. నేను నాలుగో రోజు జీపుల వచ్చి నిర్మల్ ముసాఫర్ బంగ్లా ముంగట నిలబడి ఉంట. నీ పర్మనెంట్ కాయితం జేబుల పెట్టుకొని వస్త. మెహమాన్ మంచిగ చేరిండా, అక్కడనే దస్తఖత్. ఆయనకు ఏమన్న తక్లీఫ్ అయిందా, నీ మగ్గం నీకున్నది."

ఇంటికొచ్చి బాపుకు చెప్పిన. బాపు మగ్గంల నాడె విసురుడు ఆపకుండనే అడిగిండు, "ఎంత దూరం బిడ్డా?"

"తొంభై మైళ్ళు."

"నిలబడేనా?" (నా కైంచి సంగతి తెలిసిన మనిషి లోకంల బాపొక్కడే.)

"నిలబడే."

"సీటెక్కుడు నేర్చుకోరాదు?"

నేర్చుకుందామని మూడు రోజులు మానేరు ఒడ్డున ఇసుకల పడ్డ. మూడో రోజు అవ్వ నా మోచేతులకు పసుపు పెట్టి, "నీ నౌకరేమో గని నా పసుపంత ఒడిసింది" అన్నది. అప్పుడు మనసుల గట్టిగ అనుకున్న. కైంచి అయితే కైంచి. నిర్మల్ చేరుడు చేరుడే. కాళ్ళు విరిగితే నిర్మల్ల విరుగాలె గని మెట్‌పల్లిల విరుగొద్దు.

పంతులు వచ్చిండు. యాభై దాటిన మనిషి, తాటిచెట్టంత పొడుగు, మోకాళ్ళ మీది లాగు, ఎండకు ముక్కు ఎర్రగ కాలింది. ఆయన సైకిల్ హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల తీరుగ కిందికి వంగి ఉండె. ఆయనకు ఇంగ్లీషు అంతంతే, నాకు అంతకన్న అంతంతే. ఇద్దరికి సమానంగ రాదు కాబట్టి ముచ్చట మంచిగ సాగింది. ఆయన దగ్గర ఒక లావు నోటుబుక్కు. అండ్ల వాళ్ళ దేశంల సెలవులకు సైకిల్ మీద తిరిగిన దారులన్నీ గీసుకున్నడు. నది పక్కపొంటి సన్న తొవ్వ, నది మలుపు తిరిగిన కాడల్లా ఒక కోట, తొవ్వకు రెండు దిక్కుల ద్రాక్ష తోటలు, ఊరూరికి గడియారం ఉన్న గుడి, ఆ గుడి నీడకు రొట్టె, జున్ను. ఎక్కడ ఎక్కుడు, ఎక్కడ దిగుడు, ఎక్కడ నీళ్ళు దొరుకుతయి, ఏ రాయి ఎవలు పెట్టిన్రు, అన్నీ మైలు మైలుకు రాసుకున్నడు. మన తొవ్వ కూడ అట్లనే రాసుకొని పోయి వాళ్ళ బడి పిల్లలకు చూపిస్తడట.

కరీంనగర్ దాటిందాంక సైకిల్ నడిపించుకుంటనే పోయిన. ఆయన కూడ మర్యాదకు నడిచిండు. ఊరు ఒడిసినంక "ఎక్కవా?" అన్నడు. ఇంక తప్పదని కాలు దూర్చిన. ఆయన నోరు తెరిచిండు, మళ్ళ మూసుకున్నడు. గంగాధర దాపుకు వచ్చేసరికి పట్టలేక అడిగిండు, "ఆ సీటు మంచిగ లేదా?"

రాదు అని ఒక్క మాట అంటే ఒడిసిపోతుండె. కానీ ఎనిమిది నెలల సర్వీసు ఉన్న తిరుగుడు నౌకరోణ్ని, ఎట్లంట? ఆ క్షణంల నా నోట్లకెల్లి ఒక మాట వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

"సీటు మంచిగనే ఉన్నది సార్. మా దగ్గర పెద్దల ముంగట కూసోరు."

ఆయన బ్రేకు వేసిండు. "అంటే?"

ఇగ మొదలు పెట్టిన. దొరలుండే గడి ముంగట సైకిల్ దిగి నడుస్తరు, చెప్పులు చేతుల పట్టుకుంటరు, ఆఫీసర్ ఎదురొస్తే ఫర్లాంగు దూరం నుంచే దిగి నిలబడుతరు, మీరు మా మెహమాన్ కాబట్టి మీ పక్కన సీటు మీద కూసునుడు నాకు తప్పు. చెప్పుకుంట పోతుంటే నాకే గొప్పగ అనిపించింది. ముచ్చట ఇంతటితోని ఒడిసిందనుకున్న. మా మెట్రిక్ పుస్తకంల ఫ్రాన్సు విప్లవం రెండు పేజీలుండె. పరీక్షల రాదన్నరని ఇడిచిపెట్టిన. ఆ రెండు పేజీలు చదువుకొని ఉంటే ఆ మాట చచ్చినా అనకపోదును.

పంతులు ముఖం ముక్కు కన్న ఎర్రగైంది. "మా దేశంల రాజు ముందు శానా ఏండ్లు నిలబడ్డరు. తర్వాత ఒకనాడు ఆ రాజు తల తీసిన్రు. ముప్పై ఏండ్లు నేను పిల్లలకు అదే పాఠం చెప్పిన. ఇప్పుడు నేను కూసొని నువ్వు నిలబడితే ఆ పిల్లలకు నా ముఖం ఎట్ల చూపియ్యాలె? కూసో."

"కూసోరాదు సార్."

"కూసోవా?"

"పానం పోయినా కూసోను సార్." (అది మాత్రం నిజమే. కూసుంటే పానమే పోతుండె.)

"అయితే నువ్వు కూసునే దాంక నేనూ కూసోను" అన్నడు. అని పెడల్ల మీద లేచి నిలబడి తొక్కుడు మొదలు పెట్టిండు.

ఇగ చూడుండ్రి. కొండగట్టు తొవ్వల రెండు సైకిళ్ళు, రెండు సీట్లు, రెండూ ఖాళీ. ఒకడు పొట్టిగ డండా కింద వంకర తిరిగి, ఇంకొకాయన తాటిచెట్టు తీరుగ పైకి లేచి. చేన్ల కలుపు తీసే ఆడోళ్ళు కొడవళ్ళు కింద పెట్టిన్రు.

"ఓ అవ్వా! గా తెల్లాయన కూసుంట లేడేందే?"

"సెగగడ్డలు లేసినయేమోనే, పాపం!"

"మరి గా పొట్టోనికి?"

"అంటుకున్నట్టున్నయి!"

పంతులు ఏమన్నరని అడిగిండు. మీకు దండం పెడుతున్నరని చెప్పిన. ఆయన నిలబడే చెయ్యి ఊపిండు. ఆ ఆడోళ్ళ నవ్వు అరమైలు దాంక మా వెంబడి వచ్చింది.

కొండగట్టు కింద నీడకు ఆగినం. మీకు తెలుసు గద, మనసు బాగలేనోళ్ళను అంజన్న దగ్గరికి తీసుకొచ్చి కొన్ని దినాలు అక్కడనే ఉంచుకుంటరు. ఒక ముసలవ్వ మా ఇద్దరిని, సైకిళ్ళను, ఖాళీ సీట్లను కిందికి మీదికి చూసి, దగ్గరికొచ్చి నిమ్మలంగ అడిగింది, "ఇద్దర్ల ఎవలకు బిడ్డా?" నేను పంతులు దిక్కు చూసిన. ఆమె నా భుజం మీద చెయ్యేసి, "ఫికర్ జెయ్యకు, అంజన్న చూసుకుంటడు. నీకు గూడ తక్కువైతది" అన్నది.

గైడు పని సంగతి కూడ చెప్పాలె. తొవ్వల ఏది కనబడ్డా ఆయన "ఇదేంది?" అనుడు, నేను చెప్పుడు. తెల్వదు అనే మాట నా నోటికి అలవాటు లేకుండె. ఒక కాడ కూలిన మొండిగోడ కనబడితే నాలుగు వందల ఏండ్ల కింది కావలి బురుజు అన్న. ఆయన నిలబడే బొమ్మ గీసుకున్నడు, చుట్టూ తిరిగి అడుగులు కొలిచిండు. జగిత్యాల ఖిల్లా కాడైతే నా పరువు పోవుడు ఒక్కటే తక్కువ. అన్నిసార్లు చూసినోణ్ని గద, ముంగట నడిచిన. కందకం చుట్టు రెండు చుట్లు తిప్పిన గని దర్వాజ దొరుకలే. "దర్వాజ మార్చినట్టున్నరు సార్" అన్న. రాతి ఖిల్లాకు దర్వాజ మార్చిన్రట! అంత అలిసిన మనిషి గని లోపలికి పోయినంక పిల్లగాని తీరుగ ఉరికిండు. కోట గోడ నక్షత్రం మూలల తీరుగ బయటికి పొడుచుకొచ్చి ఉంటది. బురుజు మీద ఫిరంగి. ఆ రాయి మీద చెయ్యి పెట్టి, "మా ఊరి పక్కన నది ఒడ్డున అచ్చం ఇట్లాంటిదే ఉన్నది" అన్నడు. వాళ్ళ ఊరు గుర్తొచ్చిందేమో, చెయ్యి తియ్యలే. అది ఎవలు గీసిన్రో, ఎట్ల కట్టిన్రో నాకు తెల్వదు. ఆ ఒక్కచోట అబద్ధం చెప్పబుద్ధి కాలే.

తెల్లారి బతిమిలాడిన. "సార్, మీరు కూసోండ్రి. నేను ఏమనుకోను." "నువ్వు కూసుంటవా?" "కూసోను." "నేనూ కూసోను." కోరుట్ల దాటినం, మెట్‌పల్లి దాటినం. చాయ్ హోటల్‌ల నేను అలవాటు కొద్ది నిలబడి తాగితే ఆయన గ్లాసు పట్టుకొని నా పక్కన వచ్చి నిలబడ్డడు. హోటలాయన పరేషాన్ అయ్యి బెంచీ తుడిచి, మళ్ళ తుడిచి, "బెంచీ మంచిగనే ఉన్నది సాబ్" అన్నడు. దాంతోని నేను చాయ్ కాడ కూసుంటున్న గని సైకిల్ మీద మాత్రం ఇద్దరం నిలబడుడే. నాకు కైంచి అలవాటు, నా కాళ్ళు మగ్గం ఇంట్ల పుట్టిన కాళ్ళు. ఆయనకు యాభై దాటినయి. మూడో రోజు ఆర్మూరు గుట్టలు కనబడ్డంక ఒక మలుపు కాడ జారి పడ్డడు. మోకాలు పగిలింది. నా తువ్వాల చింపి కట్టిన. లేచి మళ్ళ పెడల్ మీద నిలబడ్డడు. అప్పుడు నాకు భయమైంది. ఈయన తొవ్వల పడిపోతే దస్తఖత్ లేదు. నిజం చెప్తే, ఈయన పోయి పెద్దసార్‌కు చెప్తే, అప్పుడూ దస్తఖత్ లేదు. ఎటు మలిగినా మగ్గం గుంతనే. నేను కూడ మొండోణ్నే. ఇంక ఒక్క రోజే గద, నిర్మల్ దాంక నోరు మూసుకుందామని పండ్లు బిగవట్టిన.

నాలుగో రోజు పొద్దుగాల సోన్ బ్రిడ్జి మీదికి వచ్చినం. కింద గోదావరి. బ్రిడ్జి నడుమ ఆయన సైకిల్ ఆగింది. దిగి గోడ పట్టుకున్నడు. మోకాలు బుడ్డ గుమ్మడికాయంత వాసింది. పెదవులు తెల్లవడ్డయి. "నువ్వు ముందు పో. మీ ఆఫీసర్ ఎదురుచూస్తుంటడు. నేను నడుచుకుంట వస్త" అన్నడు. "సైకిల్ ఉండంగ నడుచుడెందుకు సార్, కూసోండ్రి" అన్న. ఆయన తల అడ్డంగ ఊపిండు. "ఇన్ని మైళ్ళు నిలబడ్డ. ఇప్పుడు కూసుంటే నువ్వేమనుకుంటవు? అందరు సమానమనే వీళ్ళ మాట ఎనుభై మైళ్ళ దాంకనే అనుకుంటవు."

ఆ మాటతోని నా పండ్ల బిగువు వదిలింది. ఏడుపొచ్చింది. (ఏడువలే అని ఇంట్ల చెప్తుంట. ఏడ్చిన.)

"సార్, అబద్ధం. నాకు సీటు మీద తొక్కుడు రాదు. కాళ్ళు అందవు. నిలబడుడు మర్యాదకు కాదు, దిక్కులేక."

ఆయన నా దిక్కు చూసిండు. ఇగ మొదలైనంక ఆగుతదా, అంతా కక్కిన. జగిత్యాల ఖిల్లా మొదటిసారి మీతోనే చూసిన, నిర్మల్ ఇంకా చూడనే లేదు, నాకు ఈ నౌకరి కావాలె, లేకుంటే మా బాపు పక్కన మగ్గమే.

"ఆ కావలి బురుజు?" అన్నడు.

"కల్లు దుకాణం సార్. కూలిపోయింది."

"దాని మీద మూడు పేజీలు రాసిన."

తల దించుకున్న. ఆయన నోటుబుక్కుల ఆ పేజీలు తిప్పి అడిగిండు, "దొర గడి ముంగట దిగి నడుచుడు? చెప్పులు చేతుల పట్టుకునుడు? అది కూడ అబద్ధమేనా?"

"అది నిజం సార్."

"అది ఒక్కటి నిజమా?"

"అది ఒక్కటే నిజం సార్."

తిడతడనుకున్న. ఆయన కుంటుకుంట పోయి సంచిలకెల్లి ఒక పాన తీసిండు. నా సైకిల్ సీటు కింద నట్టు విప్పిండు. రాడ్ కదులలే. నూనె పోసిండు, రాయి తెచ్చి కొట్టిండు. అటు పోయే బండాయన ఒకడు ఎద్దులను ఆపి వచ్చి ఆ సీటును గుంజి, తిప్పి, ఇంత తిట్టి, కిందికి దించిండు. జానెడు దిగింది. నేను నోరు తెరిచిన. "సీటు దిగుతదా సార్?"

"దిగుతది. నువ్వు నన్ను నాలుగు రోజులల్ల ఎప్పుడన్న అడిగితివా?"

ఆ బ్రిడ్జి మీదనే నేర్పిండు. వాసిన మోకాలుతోని కుంటుకుంట, నా సీటు వెనుక పట్టుకొని, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు. "ముంగట చూడు, చక్రం దిక్కు చూడకు!" అని ఒర్రుడు. ఐదోసారో ఆరోసారో ఆయన ఒర్రుడు దూరం నుంచి వినవడింది. తిరిగి చూస్తే చెయ్యి ఇడిచిపెట్టి బ్రిడ్జి నడుమ నిలబడి ఉన్నడు. నేను తొక్కుతున్న. కూసొని తొక్కుతున్న! తర్వాత ఆయన తన సైకిల్ ఎక్కి సీటు మీద కూసున్నడు. కూసుంటుంటే ఆయన నోట్లకెల్లి వచ్చిన మూలుగుకు ఏ భాషా అక్కరలే. మా అవ్వ కట్టెల మోపు దించినప్పుడు సరిగ్గ అట్లనే అంటుండె.

కైంచిల ఇరువై ఏండ్ల దాంక నేను చూసింది చైను, మట్టి, నా కుడి మోకాలు. అంతే. సీటు మీద కూసుంటే లోకం వేరేగ ఉన్నది. దూరం నుంచి గుట్టలు, గుట్ట మీద కోట గోడ, రెండు దిక్కుల పచ్చటి మక్క చేన్లు. పంతులు పక్కన తొక్కుకుంట వాళ్ళ ఊరి నది ముచ్చట చెప్పిండు, నేను మా బాపు ముచ్చట చెప్పిన. ఇద్దరం ఒక్క ఎత్తుకు కూసొని మాట్లాడుకున్నది ఆ ఎనిమిది మైళ్ళే. సంబరంల ఇద్దరికీ ఒక్క సంగతి యాదికి రాలే. ఆయన నాకు ఎక్కుడు నేర్పిండు, తొక్కుడు నేర్పిండు. దిగుడు నేర్పలే. కైంచిల దిగుడనేదే ఉండదు, కాలు గుంజుకుంటే అయిపాయె. సీటు దించినంక నా కాళ్ళు పెడల్‌కు అందినయి గని భూమికి అందలే.

నిర్మల్ల ముసాఫర్ బంగ్లా ముంగట పెద్దసార్ నిలబడి ఉన్నడు. చేతుల పూలదండ. పక్కన తహసీల్దారు, ఊరి పెద్దమనుషులు, ఇద్దరు చప్రాసులు. పంతులు పద్ధతిగ మెల్లగ ఆపి దిగిండు. నేను దిగలే. ఫర్లాంగు దూరం నుంచే దిగి, సైకిల్ పక్కకు పెట్టి, చేతులు కట్టుకొని నిలబడాల్సిన టెంపరరీ క్లర్కును, నిటారుగ సీటు మీద కూసొని, పెద్దసార్ ముక్కు ముంగటికెల్లి పోయిన. సలాం పెడదామంటే చెయ్యి హ్యాండిల్ ఇడుస్తలేదు.

"ఓరి దిగురా! పెద్దసార్ రా!" అని చప్రాసి ఒర్రిండు.

దిగితే గద. ముంగట తొవ్వ గిర్రున తిరిగి మళ్ళ బంగ్లా ముంగటికే వచ్చింది. మొదటిసారి పొరపాటు అనుకొని ఉంటడు పెద్దసార్. రెండోసారి కూడ నేను కూసునే ఆయన ముంగటికెల్లి పోయిన. ఈసారి దగ్గరికెల్లి పోయిన, పూలదండ నా మోచేతికి తగిలింది. పంతులు మాత్రం చప్పట్లు కొట్టుకుంట ఆయన భాషల ఏందో గట్టిగ ఒర్రిండు. బొమ్మలు చేసేటాయన ఇంటి ముంగట ఆరవెట్టిన పొనికి కర్రల కుప్ప నన్ను ఆపింది. పొనికి కర్ర మెత్తగుంటది కాబట్టి ఈ కథ చెప్పేటందుకు మిగిలిన.

పెద్దసార్ నడుచుకుంట వచ్చిండు. "నా ముంగటికెల్లి రెండుసార్లు కూసొని పోయినవు."

"సార్, దిగుడు రాదు."

"ఎనిమిది నెలలు తిరుగుడు నౌకరి చేసి దిగుడు రాదా?"

ఇగ రెండోసారి అంతా కక్కుడే. ఆ రోజు నేను చెప్పినన్ని నిజాలు అంతకుముందు ఇరువై ఏండ్లల్ల చెప్పి ఉండ. పంతులు కుంటుకుంట వచ్చి నా భుజం పట్టుకొని, ఇంత మంచి గైడు మా దేశంల కూడ దొరుకడని చెప్పిండు. పెద్దసార్ పకపక నవ్వి, నా వీపు తట్టి, జేబులకెల్లి కాయితం తీసి అక్కడికక్కడే దస్తఖత్ పెట్టిండు.

యాభై ఏండ్లు ఇట్లనే చెప్పుకున్న. ఇప్పుడు ఎవలు మిగిలిన్రని దాచాలె. పెద్దసార్ నవ్వలే. మెహమాన్‌కు దండ వేసిండు, నా దిక్కు మళ్ళ చూడలే. కాయితం జేబుల నుంచి బయటికే రాలే. నెల ఒడిసేనాటికి నా టెంపరరీ కూడ ఒడిసింది. రాసిన కారణం సైకిల్ రాకపోవుడు కాదు, అబద్ధం చెప్పుడూ కాదు. పై అధికారి ముందు నడవడిక సరిగా లేదు అని రాసిన్రు.

నిర్మల్ నుంచి బస్సుల ఇంటికొచ్చిన నాడే, మగ్గం గుంత పక్కన కూలవడి, బాపుకు జరిగింది జరిగినట్టు చెప్పిన. నాడె ఆడుతనే ఉన్నది. అంతా విని ఒక్కటే అడిగిండు.

"ఆయన నిలబడి ఉన్నడా?"

"నిలబడి ఉన్నడు బాపు."

"నువ్వు కూసునే పోయినవా?"

"కూసునే పోయిన."

"రెండుమాట్ల?"

"రెండుమాట్ల."

నాడె ఆగింది. దొర గడిల చీరలు ఇయ్యవోయి, దొరసాని రంగు చూసి చాలు అనేదాంక ముప్పై ఏండ్లు గడప బయట నిలబడ్డ మనిషి మా బాపు. మొదలు భుజాలు ఊగినయి. తర్వాత గుంతల నుంచి నవ్వు బయటికొచ్చింది. అవ్వ కండె ఇడిచిపెట్టి ఉరికొచ్చి, "పోరనికి నౌకరి పోయెటట్టున్నదంటే గీ నవ్వేంది?" అన్నది. బాపు కండ్లు తుడుసుకొని, "నీకు తెల్వదు తీయి" అని మళ్ళ నవ్విండు.

ఆ ఏడాదంత బాపు పక్కన మగ్గం మీదనే ఉన్న, నౌకరి పోయిందని లోపల్లోపల ఏడ్చుకుంటనే. తర్వాత వేరే నౌకరి దొరికింది. సొంత సైకిల్ కొన్న రోజే సీటు దింపిచ్చుకున్న. దిగుడు మాత్రం ఏదన్న గోడో స్తంభమో పట్టుకొనే దిగిన, రిటైరు అయ్యేదాంక. ఇప్పుడు మోకాళ్ళు పంతులు మోకాలు తీరుగ వాసినయి, ఎక్కుడే లేదు, ఇగ దిగుడేంది. అప్పుడప్పుడు ఆ ఇరువై ఏండ్ల పొట్టోడు యాదికొస్తడు. నిటారుగ కూసొని, రెండు చేతులతోని హ్యాండిల్ పట్టుకొని, పానం గుప్పిట్ల పెట్టుకొని, దండ పట్టుకున్న ఆఫీసర్ ముంగటికెల్లి పోతున్నడు. వాణ్ని తిట్టాలనిపించదు. పిలిచి ఒక్క మాట చెప్పాలనిపిస్తది. ఎట్లాగూ పోయే నౌకరి, ఆ కర్రల కుప్పను తప్పించుకొని ఇంకొక్క చుట్టు తిరిగి రాకపోతివిరా అని. మనుమలకు మాత్రం మూడుసార్లు పోయిన అనే చెప్తున్న.